నాలుగో పలక మీద వెలుతురు

తాళం బయటి నుంచి వేసి ఉంది. ఆ ఒక్క సంగతితోనే సి.ఐ. దేవేంద్రప్ప కేసు తేల్చేశాడు.

శుక్రవారం ఉదయం పదీ ఇరవైకి పద్మ నల్లబండ గుట్ట ఎక్కేసరికి ఆయన సొరంగం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. పక్కన ఇంజనీరు చంద్రశేఖర్ నిలబడి ఉన్నాడు. ఆయన నడుముకు తాళంచెవుల గుత్తి వేలాడుతోంది.

పద్మ ఆదోనిలో డిటెక్టివ్. పత్తి మిల్లుల్లో పోయిన బేళ్లను వెతకడం, పెళ్లి సంబంధాల గురించి ఆరా తీయడం ఆమె రోజూ చేసే పని. మనిషే కనబడకుండా పోయిన కేసు ఇంతవరకూ ఆమె చేతికి రాలేదు. నిన్న సాయంత్రం నాగవేణి అనే అమ్మాయి ఆఫీసు గుమ్మంలో చాలాసేపు నిలబడి, తర్వాత లోపలికి వచ్చింది. తన భర్త ఈరేష్ దొంగ కాదని చెప్పింది. ఆ మాట తప్ప ఇంకేమీ చెప్పలేకపోయింది.

ఈరేష్ ఈ సొరంగంలో ఉన్న యంత్రం దగ్గర షిఫ్టు ఆపరేటరు. ఎప్పుడో బంగారం ఆశతో ఎవరో తవ్వి, ఏమీ దొరక్క వదిలేసిన సొరంగం ఇది. ఎమ్మిగనూరుకు ఎనిమిది కిలోమీటర్ల దూరం. రెండేళ్ల క్రితం ఒక పరిశోధన సంస్థ వాళ్లు వచ్చి ఇందులో నాలుగు పలకలు నిలబెట్టారు. ఆకాశం నుంచి కంటికి కనబడని కణాలు ఎప్పుడూ కురుస్తూనే ఉంటాయట. అవి కొండను కూడా దూరి కిందికి దిగుతాయట. నిమిషానికి ఎన్ని దిగాయో ఈ పలకలు లెక్కపెడతాయి. ఆ లెక్క కేబులు ద్వారా ఆదోనిలోని కంట్రోల్ రూముకు పోతుంది. అక్కడ ముగ్గురు వంతులవారీగా కూర్చుని గంటకొకసారి తెర మీది అంకెలను రిజిస్టరులో రాస్తారు. వారానికొకసారి ఒకరు గుట్టకు వచ్చి యంత్రాన్ని చూసుకుని పోతారు.

ఈ వారం వంతు ఈరేష్‌ది. బుధవారం మధ్యాహ్నం మూడూ ఐదుకు రోడ్డు మలుపు దగ్గర నుంచి కంట్రోల్ రూముకు ఫోను చేసి, పైకి పోతున్నానని చెప్పాడు. గుట్ట మీద ఫోను పనిచేయదు. అందరికీ తెలిసిన అతని చివరి మాట అదే. సాయంత్రం ఏడుకు చంద్రశేఖర్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. బీరువాలో ఉండాల్సిన ఖరీదైన విడిభాగాల పెట్టె ఒకటి లేదు, ఈరేష్ లేడు, సొరంగానికి తాళం వేసి ఉంది. ఈరేష్ బండి ఎమ్మిగనూరు బస్టాండు సైకిల్ స్టాండులో దొరికింది. టోకెను మీద టైము నాలుగూ నలభై.

"బళ్లారి బస్సు ఎక్కినాడమ్మా," అన్నాడు దేవేంద్రప్ప. "నిన్ననే ఇద్దరిని ఆడికి పంపినా. సాయంత్రానికి పట్టుకొస్తారు. నువ్వు ఊరికే ఎండలో గుట్ట ఎక్కితివి."

లోపల చూడటానికి అనుమతి ఇవ్వమని పద్మ అడిగింది.

"పత్తి బేళ్లు ఎతికేదానివి, నీకు మనుషుల సంగతి యాడ తెలుస్తాది? దేవరగట్టు జాతర కొట్లాటలో కర్రల నడుమ పదహైదేండ్లు డ్యూటీ చేసినోన్ని నేను. పారిపోయేటోడు ఎట్ల పోతాడో నాకు తెలుసు."

"బేలుకు కాళ్లుండవు సార్. ఎవరో ఒకరు మోసుకోని పోతేనే అది పోతాది," అంది పద్మ. "ఆ బండి కూడా అంతే. స్టాండు ఆయన హెల్మెట్ చూసినాడంట, మొగం చూడలేదంట. ఈరేష్ హెల్మెట్ వాళ్లింట్లో మేకుకు యాలాడతాంది. పొద్దున నేనే చూసొచ్చినా."

దేవేంద్రప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. నవ్వు పోలేదు గానీ కొంచెం సన్నబడింది. పది నిమిషాలిస్తానన్నాడు.

చంద్రశేఖర్ ముందు నడిచాడు. లోపల ఎప్పుడూ చీకటిగానే ఉంచాలని, ఆ నల్ల కవర్లలో ఉన్న పలకల మీద చిటికెడు వెలుతురు పడినా యంత్రం దాన్ని కూడా లెక్కేస్తుందని చెప్పాడు. పోలీసులు తప్పదన్నారు కాబట్టి టార్చి ఒప్పుకుంటున్నానన్నాడు. అరవై అడుగులు నడిచాక ఇనుప చట్రంలో నాలుగు పలకలు కనిపించాయి. ఒక్కొక్కటి తలుపు రెక్కంత ఉంది. చల్లబరిచే ఫ్యాన్లు గట్టిగా మోగుతున్నాయి. పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాల్సి వచ్చింది.

చట్రం వెనక పది అడుగుల దూరంలో రాళ్లగుట్ట. అది సొరంగాన్ని పైదాకా మూసేసింది. పైనుంచి ఒక పక్కగా నీరు చుక్కలుగా కారుతోంది.

మొదటి నుంచీ ఇది ఇంతేనని, పాతకాలంలోనే కూలిపోయిందని చంద్రశేఖర్ చెప్పాడు. ప్రమాదమని పైనుంచి ఉత్తరం వచ్చిందట. ఈ రోజు రెండు గంటలకు కాంక్రీటు బండి వస్తుందట, దాన్ని పూర్తిగా పూడ్చేస్తారట.

పద్మ టార్చి వేసి గోడ చూసింది. పాత దీపాల మసి పట్టి గోడ నల్లగా ఉంది. రాళ్లగుట్టలో రాళ్లు తెల్లగా ఉన్నాయి. ఒక రాయి మీద వేలు రాసి చూస్తే దుమ్ము కూడా అంటలేదు. ఆ సంగతి ఆమె పైకి అనలేదు.

వెనక్కి తిరిగినప్పుడు చివరిదైన నాలుగో పలక వీపు ఆమె కంటబడింది. దాని ఇనుప అంచు మీద తుడిచినా పోని మూడు విభూతి గీతలు, మధ్యలో కుంకుమ బొట్టు. బొట్టుకు కొంచెం పైన, నల్ల కవరు మీద తపాలా బిళ్లంత నల్ల టేపు ముక్క. టేపు ఒక మూల లేచి ఉంది. ఇదేమిటని అడిగితే కంపెనీ వాళ్లు అంటించినదేమోనని చంద్రశేఖర్ అన్నాడు. ఆయన ముఖంలో దాపరికం ఏమీ కనబడలేదు. నిజంగానే తెలియదు. పద్మ టార్చిని దాని మీదే పట్టి రెండు ఫొటోలు తీసుకుంది. పది నలభై నుంచి పది నలభై ఆరు దాకా అక్కడే ఉంది. బయటికి రాగానే ఆ టైము చిన్న నోటుబుక్కులో రాసుకుంది. అది ఆమె అలవాటు.

కంట్రోల్ రూము ఆదోనిలో కాలేజీ వెనక ఒక అద్దె మేడ మీద ఉంది. పద్మ చేరేసరికి పన్నెండు ఇరవై. మెట్ల మీద నాగవేణి కూర్చుని ఉంది. నిన్నటి నుంచీ పగలంతా అక్కడే కూర్చుంటోందట. ఎవరినీ ఏమీ అడగదట. పద్మ ఆమెను కూడా లోపలికి రమ్మంది.

షిఫ్టులో నందిని ఉంది. వయసు ఇరవై రెండు. తుగ్గలి నుంచి వచ్చి బి.ఎస్సీ. చదివి, చదవగానే ఈ ఉద్యోగంలో చేరింది. ఈరేష్ పోయినప్పటి నుంచి పగలు ఆమె, రాత్రి కృష్ణప్ప అనే పెద్దాయన పన్నెండేసి గంటలు కూర్చుంటున్నారు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. అది నిద్రలేకా, ఏడ్చా అన్నది తెలియలేదు.

పద్మ రిజిస్టరు అడిగి తీసుకుంది. గంటకొక వరుస. వరుసకు నాలుగు అంకెలు, పలకకొకటి. మొదటి మూడు పలకల అంకెలు పైకీ కిందికీ ఊగుతున్నాయి. 198, 221, 205, 190. నాలుగో పలక వరుస వేరుగా ఉంది. బుధవారం సాయంత్రం ఐదు నుంచి ఈ రోజు దాకా 212, 212, 211, 212. నందిని రాతలోనూ అంతే, కృష్ణప్ప రాతలోనూ అంతే.

"ఈ మూడు నిజంగా చూసి రాసినవి," అంది పద్మ. "ఇది చూడకుండా రాసింది. ఎందుకమ్మా?"

నందిని రిజిస్టరు మూయబోయింది. పద్మ ఫోను తీసి టేపు ముక్క ఫొటో ఆమె ముందు పెట్టింది. నందిని దాన్ని చూసి రెండు చేతులూ ఒళ్లోకి లాక్కుంది.

ఆ తర్వాత చెప్పింది. తడబడుతూ, మధ్యలో ఆగుతూ చెప్పింది. ఈ మధ్య దసరాలో ఆయుధ పూజనాడు ఈరేష్, కృష్ణప్ప యంత్రానికి పూజ చేయాలనుకున్నారు. ఏ మిల్లులోనైనా, ఏ గ్యారేజీలోనైనా ఆ రోజు చేస్తారు. ఏడాదంతా అన్నం పెట్టే యంత్రానికి బొట్టు పెట్టకుండా ఎట్లా ఉంటారు? సంస్థ వాళ్లు మాత్రం పలకలను ముట్టుకోవద్దని మొదటి రోజే చెప్పి సంతకాలు పెట్టించుకున్నారు. అందుకని అరగంట ఆపేసి, కరెంటు పోయిందని రాశారు. విభూతి పెట్టారు, నిమ్మకాయ కోశారు. బంతిపూల దండ నిలవడం లేదని ఈరేష్ నాలుగో పలక మీద గుండుపిన్ను గుచ్చాడు. అది నల్ల కవరును దాటి లోపలికి దిగింది. మళ్లీ ఆన్ చేస్తే నాలుగో పలక అంకె ఎగిరింది. ఎవరు టార్చి వేసినా ఎగిరేది. టేపు అంటించారు. ముగ్గురూ ఎవరికీ చెప్పకూడదని మాట అనుకున్నారు. నాలుగో పలక అలారం కూడా ఆపేశారు.

"నేను పూజ చేయలేదు మేడమ్. మా నాయన యేసేపు, మాది చర్చి. ఊరికే ఆడ నిలబడినా. కానీ తెలిస్తే అందరి ఉద్యోగం పోతాది గదా."

"బుధవారం నుంచి అంకె ఎంత?"

"ఎక్కువ వస్తాంది మేడమ్. ఎప్పుడు చూసినా ఎక్కువే. తొమ్మిదొందలు, ఎనిమిదొందలు. టేపు పూర్తిగా ఊడిపోయిందనుకున్నాం. అది రాస్తే పైవాళ్లు అడుగుతారు. బొక్క సంగతి బయటపడుతుందని... పాత అంకె రాసినాం."

పద్మ ఫొటోను పెద్దది చేసి మళ్లీ చూసింది. టేపు ఊడిపోలేదు. ఒక మూల మాత్రమే లేచి ఉంది, ఆమె కళ్లారా చూసింది. పైగా చీకటి సొరంగంలో టేపు ఊడితే మాత్రం వెలుతురు ఎక్కడిది?

రిజిస్టరు కాకుండా ఇంకెక్కడైనా అంకెలు ఉంటాయా అని అడిగింది. కంప్యూటరు ప్రతి నిమిషం అంకెను దాచిపెడుతుందని నందిని చెప్పింది. నెల చివర సంస్థ వాళ్లు తప్ప దాన్ని ఎవరూ తెరిచి చూడరు. ముందు ఈ రోజు పదిన్నర తర్వాతది తెరవమని పద్మ అడిగింది.

తెర మీద నాలుగో పలక గీత నేల మీద గీసినట్టు సమంగా పోతూ, ఒకచోట గోడలాగా లేచింది. కాసేపు పైనే ఉండి, మళ్లీ పడిపోయింది. నందిని కింద టైము చదివింది. పది నలభై నుంచి పది నలభై ఆరు.

పద్మ నోటుబుక్కు తెరిచి ఆమెకు చూపించింది. నందిని నోటుబుక్కును, తెరను మార్చి మార్చి చూసింది.

"ఇప్పుడు బుధవారం."

మూడు పద్దెనిమిదికి గీత లేచింది. అది ఈరేష్ లోపలికి పోయిన టైము. మూడు యాభై నాలుగుకు ఒక్కసారిగా పడిపోయింది. నాలుగు నలభైకి, బండి బస్టాండులో ఉన్నప్పుడు, గీత నేల మీదే ఉంది. తర్వాత ఐదు గంటలకు సూదిలాగా ఒక్క నిమిషం లేచి పడింది. ఆరుకు మళ్లీ ఒక సూది. ఏడుకు మరొకటి. ఏడు నలభై నుంచి ఎనిమిదీ ఐదు దాకా వెడల్పుగా ఒక గోడ, అది పోలీసులు వచ్చినప్పటిది. తొమ్మిదికి సూది. పదికి సూది. రాత్రంతా, గురువారమంతా, గంట గంటకూ ఒక సూది.

నందిని చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది.

"మీరు గంటకొకసారి చూసినారు," అంది పద్మ. "ఆ ఒక్క నిమిషమే అది ఎక్కువుంది. మీరు గంటకొకసారి చూస్తారని, ఆ పలకకు బొక్క ఉందని, రెండూ ఎవరికి తెలుసు?"

తెలిసినవాళ్లు ముగ్గురే. ఒకరు తెర ముందు కూర్చుని ఉన్నారు, ఒకరు ఇంట్లో నిద్రపోతున్నారు.

నాగవేణి గోడ దగ్గర నుంచి లేచి వచ్చింది. ఆమెకు గీతలు అర్థం కాలేదు. ఇద్దరి ముఖాలు చూసింది. పద్మ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. సొరంగంలో మసి పట్టని ఆ రాళ్లు కొత్తగా కూలినవి, ఈరేష్ వాటి వెనక ఉన్నాడు. తలకు కట్టుకునే లైటు అతని దగ్గర ఉంది. వాచీలో గంట నిండగానే రాళ్ల సందులోంచి ఆ పిన్ను బొక్క వైపు లైటు వేస్తున్నాడు. ఆ బొక్క తాను చేసిందే. ఇక్కడ ఎవరో ఒకరు చూస్తారని.

నలభై నాలుగు సార్లు వేశాడు. ఎవరూ చూసుకోలేదు.

నాగవేణి ఏడవలేదు, కేక వేయలేదు. "బతికుండాడా?" అని మాత్రం అడిగింది. నందిని రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

ఆ చట్రం వెనక, రాళ్లకు పది అడుగుల దూరంలో, ఆమె పొద్దున ఆరు నిమిషాలు నిలబడింది. టార్చి వేసింది. ఫ్యాన్ల మోతలో ఏమీ వినబడలేదు. ఫొటోలు తీసుకుని వచ్చేసింది. ఆమె వచ్చేసిన పావుగంటకు, పదకొండుకు, ఇంకో సూది ఉంది.

సూదులు పొట్టివవుతున్నాయి. బుధవారం తొమ్మిదొందల ఎనభై. ఈ ఉదయం ఆరుకు ఆరొందల పది. పన్నెండుకు నాలుగొందల ముప్పై. లైటులో సెల్సు అయిపోతున్నాయి.

గోడ గడియారంలో పన్నెండు యాభై తొమ్మిది. ముగ్గురూ తెర ముందు నిలబడ్డారు. నాలుగో గడిలో అంకె రెండొందలకు అటూ ఇటూ ఊగుతోంది. గడియారం ముల్లు పైకి వచ్చింది. అంకె 204 అయింది. 209 అయింది.

381.

నాగవేణి తెర మీద ఆ గడిని వేలితో ముట్టుకుంది. ఒక నిమిషం తర్వాత అంకె మళ్లీ 206కు దిగింది.

"ఇదేనా ఆయన?" అని అడిగింది. ఇదేనన్నట్టు పద్మ తలూపింది. "తగ్గిపాయ," అంది నాగవేణి.

"మళ్లీ రెండు గంటలకు వస్తాది," అంది నందిని. అనేశాక ఆమెకు ఆ మాట అర్థమైంది. రెండు గంటలకు కాంక్రీటు బండి వస్తుంది.

పద్మ దేవేంద్రప్పకు ఫోను చేసింది. అదృష్టం కొద్దీ ఆయన గుట్ట దిగి రోడ్డు మలుపు దగ్గర జీపులో అన్నం తింటున్నాడు. చేతికి బువ్వ అంటిందని, ఫోను స్పీకరులో పెట్టినానని, గట్టిగా చెప్పమని అన్నాడు. పద్మ గట్టిగానే చెప్పింది. రాళ్లు, టేపు, గంట గంటకూ వచ్చిన లైటు, ఇప్పుడు ఒంటి గంటకు తాము కళ్లారా చూసింది, అన్నీ.

దేవేంద్రప్ప మొదట నవ్వాడు. తర్వాత విసుక్కున్నాడు. అంకెలు చూసి రాళ్లు తవ్విస్తే తనను పై అధికారులు ఏమంటారన్నాడు.

"సార్, ఆ అంకెలకు మీరు కూడా తెలుసు," అంది పద్మ. "బుధవారం మీరు సొరంగంలో ఏడు నలభైకి పోయినారు, ఎనిమిదీ ఐదుకు వచ్చేసినారు. ఇరవై ఐదు నిమిషాలు. రిపోర్టులో గంటన్నర గాలించినామని రాసినారు. నాగవేణికి ఇచ్చిన కాపీ నా దగ్గరుంది."

అవతల నమలడం ఆగింది. దేవేంద్రప్ప మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో వెటకారం లేదు.

"నిజంగా ఉండాడంటావా?"

"ఉండాడు సార్."

"మరి బయట తాళం ఎవరు ఏసినారు? బండి ఎవరు తోలినారు?"

"తాళంచెవులు రెండే సార్. ఒకటి ఈరేష్ దగ్గర, లోపల ఉంది. రెండోది ఎవరి నడుముకు ఉంది? పెట్టె పోయిందని, ఆ రాళ్లు పాతవని మనకు చెప్పిందెవరు?"

ఇంకా ఏదో చెప్పబోతుంటే నందిని ఆమె భుజం పట్టుకుని గుంజింది. వేలితో తెర చూపించింది.

నాలుగో గడిలో అంకె 1,900.

పద్మ గడియారం చూసింది. ఒంటిగంటా పద్నాలుగు. గంట కాదు. పైగా అయిపోతున్న సెల్సుతో వచ్చే వెలుతురు కాదిది. పెద్ద లైటు.

"సార్, సొరంగంలోకి ఎవరు పోయినారు?"

ఎవరూ పోలేదని, తలుపు దగ్గర కానిస్టేబుల్ ఉన్నాడని దేవేంద్రప్ప అన్నాడు.

"మీ పక్కన ఎవరున్నారు?"

"ఇంజనీరు ఉండె. ఇద్దరం కూచోనే తింటాంటిమి. చెయ్యి కడుక్కుంటానని ల్యాసె."

"ఎప్పుడు సార్?"

"నువ్వు ఒంటి గంట లైటు సంగతి సెప్తాంటివి సూడు," అన్నాడు దేవేంద్రప్ప. "అప్పుడు."

రోడ్డు మలుపు నుంచి సొరంగానికి ఎక్కడానికి పది నిమిషాలు. ఫోనులో స్టీలు ప్లేటు కింద పడిన చప్పుడు వినిపించింది. జీపు తలుపు. డ్రైవరు పేరు పెట్టి పిలుస్తూ పరుగెత్తుతున్న బూట్లు. తర్వాత గర గరమని శబ్దం. ఆ తర్వాత ఏమీ లేదు. ఆయన గుట్ట ఎక్కుతున్నాడు. ఇక పైనుంచి ఎవరి మాటా వినబడదు.

తెర మీద 2,600. 3,100. లైటు పలక దగ్గరికి వస్తోంది. 3,800.

నందిని కుర్చీ వెనక నిలబడి రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకుంది. నాగవేణి ముందుకు వంగి తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా చూస్తోంది. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆమె ముఖంలో కొంచెం కళ వచ్చింది.

"పెరుగుతాండాదే," అంది పద్మ వైపు తిరిగి. "ఇందాక కన్నా శానా పెరిగింది. పెరిగితే మంచిదే గదక్కా?"

పద్మ గడియారం చూసింది. దేవేంద్రప్ప పైకి చేరడానికి ఇంకా ఏడెనిమిది నిమిషాలు పడుతుంది.